తాగి ఉన్న అమ్మాయి వద్దనకపోతే ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి విజయవాడలో ఇంజినీరింగ్ మూడో ఏడు. ఫ్రెండ్ రూమ్‌లో బర్త్‌డే పార్టీకి వెళ్లాడు. అక్కడ తాగి ఉన్న ఒక అబ్బాయికీ అమ్మాయికీ మధ్య జరిగినదానిపై ఆమె ఇప్పుడు కేసు పెడతానంటోంది. ‘తనంతట తానే తాగింది, వద్దనలేదు, కేసెలా నిలుస్తుంది?’ అంటాడు మావాడు. నిజమేనా? వాడికేం చెప్పాలి?

జవాబు: మీవాడి వాదన చెల్లదండీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ప్రకారం, దేనికి ఒప్పుకుంటోందో, దాని పర్యవసానమేమిటో గ్రహించలేనంత మత్తులో స్త్రీ ‘సరే’ అన్నా అది అత్యాచారమే. తానే తాగిందా, ఎవరైనా తాగించారా అన్నది అడ్డురాదు. ‘సరే’కే విలువ లేనప్పుడు మౌనం సంగతి చెప్పాలా? ఎదిరించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని అదే సెక్షన్ విడిగా చెప్పింది. శిక్ష కనీసం పదేళ్ల కఠిన కారాగారం, యావజ్జీవం దాకా పోవచ్చు.

అలాగని గ్లాసు బీరు తాగిన ప్రతి అమ్మాయి సమ్మతీ చెల్లదని కాదు. ఆ సమయానికి ఆమె ఏ స్థితిలో ఉందన్నదే ప్రశ్న. తేల్చేవి చిన్న విషయాలే: మెట్లు తనే ఎక్కిందా, ఇద్దరు పట్టుకుని ఎక్కించారా, ఆ రాత్రి పెట్టిన మెసేజ్‌లు, అపార్ట్‌మెంట్ సీసీ కెమెరా, వాంతి చేసుకుంటుంటే తల పట్టుకున్న స్నేహితురాలి సాక్ష్యం. ఇక ‘నేనూ తాగే ఉన్నా, తెలియలేదు’ అనే మాట. కుర్రాళ్లు దీన్ని పెద్ద రక్షణ అనుకుంటారు. కావాలని తాగినవాడికి, తాగనప్పుడు ఉండే తెలివే ఉన్నట్టు లెక్కగడుతుంది అదే సంహితలోని 24వ సెక్షన్.

మీవాడికి ‘తాగొద్దురా’ అని చెప్పి ఊరుకోకండి. 21 నిండనివాళ్లకు మన రాష్ట్రంలో మద్యం అమ్మకూడదని వాడికీ తెలుసు, అయినా దొరుకుతోంది. తూలుతున్న అమ్మాయిని ‘ఇష్టమేనా’ అని అడగడానికి కూడా వీల్లేదని చెప్పండి. ఆమె స్నేహితురాలికి ఫోన్ చేసి హాస్టల్‌కి చేర్పించాలి, ఇంకెవడైనా గదిలోకి తీసుకెళ్తుంటే అడ్డంపడాలి. ఈ మాటలు తండ్రి నోట రావాలి. మనవాళ్లు ఇక్కడికొచ్చేసరికి పేపరు మడిచి లేచిపోతారు. అమ్మాయికి 18 నిండకపోతే మత్తుతో పనే లేదు, ఆమె ఒప్పుకున్నా నేరమే, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) పడుతుంది.

కేసు పెట్టొద్దని ఆమెను బతిమాలడానికి మీవాణ్ని వెళ్లనివ్వకండి. ఆమె పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి, న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అదీ నేరమే. ఆమె ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. పోలీసులు అడిగితే మీవాడు చూసింది చూసినట్టు చెప్పాలి. ఆ రాత్రి చాట్లు, ఫొటోలు ఫోన్‌లోంచి చెరిపేశాడో, సాక్ష్యం మాయం చేసినందుకు వాడి మీదే ఇంకో కేసు పడుతుంది.