పొడపత్రి సంగతి తర్వాత, ముందు ఆ పుండు చూపించండి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా షుగర్. రెండు నెలల క్రితం మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు ఆపేసి పొద్దున పొడపత్రి కషాయం, రాత్రి నేరేడు గింజల పొడి తీసుకుంటున్నాను. పరగడుపున 210 ఉంటోంది. పొడి ఎన్ని చెంచాలు వేసుకోవాలి? బొటనవేలి కింద చిన్న పుండు మూడు వారాలైనా మానలేదు, నొప్పేమీ లేదు, పసుపు రాస్తున్నాను.

జవాబు: చెంచాల లెక్క అలా ఉంచండి. మీరు చివర్లో ఓ ముక్కగా రాసిన పుండే నాకు టెన్షన్‌గా ఉంది. నొప్పి లేదని ధైర్యంగా ఉన్నారు గానీ, ఇన్నేళ్ల షుగర్‌లో పాదానికి స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు, అప్పుడు లోపల చీము పట్టినా తెలియదు. పసుపు ఆపి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఇవాళే డాక్టర్‌కి చూపించండి. వేలు నల్లబడినా, వాసన వచ్చినా, చలిజ్వరం వచ్చినా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, ఎందుకంటే అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకకి కాసేపు తీపి తెలియనివ్వవు. నాలుకకి తీపి తెలియనంత మాత్రాన రక్తంలో చక్కెర తగ్గినట్టు కాదు. చిన్న చిన్న పరిశోధనల్లో కొంత తగ్గినట్టు కనిపించిన మాట నిజమే, కానీ మాత్రలు మానేసి దీన్నే నమ్ముకునేంత ఆధారం లేదు, మీ 210 కూడా అదే చెబుతోంది. మొక్కల మందులంటే నాకు చులకన లేదు. మీరు ఆపేసిన మెట్‌ఫార్మిన్‌కి మూలం కూడా యూరప్‌లో గలేగా అనే మొక్కే. అయితే ఆ మొక్కలోని పదార్థం విషపూరితం, దానికి దగ్గరి రసాయనాన్ని ల్యాబ్‌లో తయారుచేసి, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టర్ రోగుల మీద ఫలితాలు ప్రచురించాకే అది మందుగా నిలబడింది. మీ డబ్బాలోని చెంచాడు పొడిలో ఏది ఎంతుందో ఎవరు కొలిచారు? విడిగా అమ్మే కొన్ని పొడుల్లో ఇంగ్లిష్ షుగర్ మాత్రలే కలిపిన సందర్భాలూ ఉన్నాయి.

అసలు ఎవర్నడిగి ఆపారండీ మాత్రలు? అలాగని పాత మోతాదు మీకు మీరే మళ్లీ మొదలుపెట్టకండి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ తెలిపే పరీక్ష) చూశాక మీ డాక్టరే నిర్ణయించాలి. గ్లిమిపిరైడ్‌తో పాటు ఈ పొడులు కూడా వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. మిమ్మల్ని చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. వెళ్లేటప్పుడు ఆ పొడి డబ్బా కూడా పట్టుకెళ్లండి, తిడతారని దాచొద్దు.