ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే వారం ఆగొచ్చా?

నిన్న పొద్దున్న లేచేసరికి మీ నాన్నగారికి కుడి చెవి వినబడలేదని, లోపల ఈల మోగుతోందని, మందుల షాపులో గులిమి అని చుక్కల మందు ఇచ్చారని రాశారు. వారం చూడొచ్చా అన్నారు. చూడకండి. ఈరోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా ఇంక ఏమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

మాది నరసన్నపేట. మూడేళ్ల కిందట అక్క ఫోన్ చేస్తే ఎప్పటిలాగే ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఏమీ వినబడలేదు. సిగ్నల్ లేదనుకున్నాను. కుడి చెవికి మార్చాక అక్క గొంతు వినబడింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాం. అత్తయ్య వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు. తర్వాత షాపు చుక్కలు. అలా ఐదు రోజులు పోయాయి.

ఆరో రోజు శ్రీకాకుళం వెళ్లాను. డాక్టరు చెవిలో చూసి గులిమి లేదు, కర్ణభేరి బాగుంది అన్నారు. ట్యూనింగ్ ఫోర్క్ (తట్టితే మోగే రెండు కొమ్ముల లోహపు కడ్డీ) మోగించి నుదుటి మీద పెడితే ఆ మోత నాకు కుడివైపే వినబడింది. గులిమో నీరో అడ్డుపడితే వినబడని చెవిలోనే ఎక్కువ మోగుతుందట. అంటే దెబ్బ లోపలి చెవికో నరానికో తగిలింది. ఆడియోగ్రామ్‌లో, అంటే ఏ శబ్దం ఎంత వినబడుతుందో కొలిచే పరీక్షలో, అదే తేలింది. మూడు రోజుల్లోపు, వరుసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో (శబ్దపు స్థాయిల్లో, అంటే సన్నని, బొంగురు శబ్దాల్లో) 30 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) లేదా అంతకు మించి వినికిడి పడిపోతే దీన్ని సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్, అంటే ఉన్నట్టుండి వచ్చే లోపలి చెవి చెవుడు అంటారు. చాలామందిలో కారణం దొరకదు.

మందు స్టెరాయిడ్ మాత్రలే. మొదటి రెండు వారాల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. నాన్నగారికి షుగర్ ఉందన్నారు. అది డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఈ మాత్రలకి షుగర్ బాగా పెరుగుతుంది. అలాంటివాళ్లకి కర్ణభేరిలోంచి మధ్య చెవిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. మాత్రలతో సరిగా రానివాళ్లకీ ఇస్తారు. నాకు మూడు చేశారు. చాలా భయపడ్డాను గాని కాసేపు తల తిరిగింది, అంతే.

నరం మీద గడ్డ ఉందేమోనని ఎంఆర్ఐ కూడా రాశారు. అందులో గడ్డేమీ లేదు. ఖర్చు ఇబ్బంది అయితే విశాఖ పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

నాకు వినికిడి కొంత తిరిగొచ్చింది. సంతలో ఎడమ పక్క నుంచి ఎవరైనా పిలిస్తే ఇప్పటికీ అందదు. ముందే వెళ్లి ఉంటే పూర్తిగా వచ్చేదో లేదో ఎవరూ చెప్పలేరు, కానీ ఆ ఐదు రోజులు నన్ను వదలవు. చెవిలో నూనె పోయకండి. ఆడియోగ్రామ్ తీయమని మీరే అడగండి.