హెడీకియం పూయకపోవడం: సమాధానం

మీ హెడీకియం (అల్లం కుటుంబానికి చెందిన పూల మొక్క) మొక్కలు మూడేళ్లుగా ఏపుగా పెరుగుతున్నా ఒక్క పువ్వూ పూయలేదని, దుంపలను జానెడు లోతున నాటారని, చలికాలంలో పైభాగమంతా మంచుకు మాడిపోతోందని రాశారు. ఆ లోతే మొదటి కారణమని నా అభిప్రాయం. ఈ దుంపలు సహజంగా నేల పైపొరలోనే పాకుతాయి. లోతున చల్లటి మట్టిలో ఉన్నవి ఆలస్యంగా మొలకెత్తడం వల్ల, కాండం కొసన పూగుత్తి తయారయ్యేలోపే చలి వచ్చేస్తుంది.

వసంతంలో తవ్వి చూస్తే దుంపల మీద ఉబ్బిన గులాబి రంగు కళ్లు (మొలకలు వచ్చే మొగ్గలు) కనిపిస్తాయి. ఒక్కో ముక్కకు రెండు మూడు కళ్లు ఉండేలా కోసి, దుంప పైభాగం కనబడీ కనబడనట్లుగా, ఉదయపు ఎండ తగిలేచోట నాటండి. బాగా చివికిన పశువుల ఎరువు వేసి, వేసవి అంతా నేలను తడిగా ఉంచండి. ఆ ఏటి కాండం కొసనే పువ్వు వస్తుంది కనుక పూతకు ముందు కాండాలను దయచేసి కత్తిరించకండి.

మంచుకు కాండాలు నల్లబడ్డాకే కోసి, ఎండుటాకులను జానెడు మందాన కప్పండి. దుంపలను చలి కన్నా చలిలో నిలిచే నీరే ఎక్కువగా కుళ్లబెడుతుంది.

మీది తెల్లపూల కొరొనేరియం అనే హెడీకియం అయితే, దాని సువాసనకు సాటి లేకపోయినా, అది ఆలస్యంగా పూసే జాతి. వేసవి చిన్నదైన చోట డెన్సిఫ్లోరం అనే మరో హెడీకియం జాతిలోని 'అస్సాం ఆరెంజ్' రకం నమ్మదగినది.