అడ్వాన్సు తీసుకున్నవాళ్లు బట్టీ వదిలి వెళ్లకూడదా?

మీరు అడిగింది ఇది: చెన్నై శివార్లలో, రెడ్‌హిల్స్ దాటాక మీ స్థలం పక్కనున్న ఇటుక బట్టీలో నెల్లూరు వైపు కుటుంబాలున్నాయి. అడ్వాన్సు తీరేదాకా ఊరికి పోనివ్వడం లేదంటున్నారు. బానిసత్వం ఎప్పుడో పోయింది కదా, ఇది దాని కిందికి వస్తుందా, ఎవరికి చెప్పాలి?

వస్తుందండి. చట్టం ప్రకారం ఇది వెట్టిచాకిరి. తమిళ కాగితాల్లో 'కొత్తడిమై' అంటారు. అర్జీలో ఆ మాటే రాయండి.

వాళ్లతో మాట్లాడితే ముందు వినిపించేది "డబ్బు తీసుకున్నాం కదయ్యా, పోతే పోలీసులు పట్టుకుంటారు" అన్న మాట. ఒకప్పుడు అది నిజమే. 1843 చట్టం మనిషిని ఆస్తిగా కోర్టులు గుర్తించకుండా చేసింది, అప్పు జోలికి మాత్రం పోలేదు. 1859లో వచ్చిన ఇంకో చట్టం అడ్వాన్సు తీసుకుని పని ఎగ్గొట్టిన కూలీని మూడు నెలల దాకా జైల్లో పెట్టనిచ్చింది. మద్రాసులోనూ అది 1920ల దాకా అమల్లో ఉంది. 1976 వెట్టి నిర్మూలన చట్టం దీన్ని పూర్తిగా తిరగేసింది. ఆ అప్పు రద్దు. తీరని బాకీ అని వసూలు చేసినవాడికే మూడేళ్ల దాకా జైలు. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే. కూలీలకు ముందుగా చెప్పాల్సింది ఇదే.

పులికాట్ రేవు కూడా మీ తిరువళ్లూరు జిల్లాలోదే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు అక్కణ్ణుంచి బటావియాకు (ఇప్పటి జకార్తా) మనుషుల్ని బానిసలుగా ఎగుమతి చేశారు. కరువు వచ్చిన ఏడు బేరం జోరుగా సాగేది. ఇప్పుడు కూలీల్ని బట్టీకి కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు పట్టుకుని ఊళ్లోకి దిగేదీ ఇంట్లో గింజల్లేని, పని దొరకని నెలల్లోనే.

ఇక మేస్త్రీ నోటు పుస్తకం. అర్థం కావడానికి ఒక లెక్క వేస్తాను. భార్యాభర్తలకు అడ్వాన్సు 60,000. వెయ్యి ఇటుకకు 600, రోజుకు వెయ్యి కోస్తారు, ఆరు రోజులకు 3,600. వారం బత్తెం కింద 1,500 చేతికిస్తే మిగిలిన 2,100 బాకీలో జమ. సీజన్ 26 వారాలనుకుంటే తీరేది 54,600. ఒక్క రోజు కూడా మానకపోయినా 5,400 బాకీ నిలిచిపోతుంది. వాన పడి పచ్చి ఇటుక కరిగిపోతే అది లెక్కలోకి రాదు. జ్వరమొస్తే మందుల ఖర్చు మళ్లీ బాకీ పేజీలోకే ఎక్కుతుంది. ఆ మిగులు పేరుతోనే వచ్చే ఏడూ ఇక్కడికే రప్పిస్తారు. పైగా ఈ లెక్కన ఒక్కొక్కరికి పడేది రోజుకు 300. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరేనని సుప్రీంకోర్టు 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల (ఏషియాడ్) నిర్మాణ కూలీల కేసులో చెప్పింది.

అర్జీ కలెక్టరుకో ఆర్డీఓకో ఇవ్వండి. నేరుగా స్టేషనుకి వెళ్తే చాలాసార్లు ఓనర్ని పిలిచి సర్దుబాటు చేయబోతారు. కబురు బట్టీకి చేరిందంటే ఆ రాత్రే కుటుంబాల్ని లారీ ఎక్కిస్తారు. బట్టీ మ్యాప్ పిన్, ఎన్ని కుటుంబాలు, ఎంతమంది పిల్లలు, ఏ భాష, అడ్వాన్సు ఎంత, ఎవరిచ్చారు, ఊరికి పోనిస్తున్నారా, వేరే చోట పని చేసుకోనిస్తున్నారా, ఇవన్నీ అందులో ఉండాలి.

ఎక్కువ కేసులు చెడేది విచారణ రోజే. తెలుగు రాని అధికారికి మేస్త్రీయే దుబాసీ అవుతాడు. "మా ఇష్టంతోనే వచ్చాం, అడ్వాన్సు తీసుకున్నాం" అన్న ఒక్క ముక్క రాసుకుని, ఇది కూలి తగాదా అని ఫైలు మూసేస్తారు. ఇష్టంతో రావడం కాదు, ఇష్టమైనప్పుడు పోగలరా లేదా అన్నదే చూడాలి. అందుకే ఓనరూ మేస్త్రీ లేని చోట, బయటి తెలుగు మనిషిని పెట్టి, ఆడవాళ్లను విడిగా అడగమని అర్జీలోనే కోరండి. తెలుగూ తమిళమూ వచ్చిన మీలాంటివాళ్లు చేయగల అతి పెద్ద సాయం ఇదే.

తర్వాత విడుదల పత్రం, అంటే వెట్టి నుంచి విడిపించామని అధికారి రాసిచ్చే కాగితం. అది లేకుండా రైలెక్కించి పంపేస్తే విడిపించినట్టు కాదు, మేస్త్రీ ఊళ్లో ఇంటి ముందుకొచ్చి మళ్లీ బాకీ అడుగుతాడు. కుటుంబ పెద్ద పేరున ఒక్కటి ఇచ్చి సరిపెట్టడం మామూలుగా జరిగే తప్పు. భార్యకూ, పనిచేసిన పిల్లలకూ ఎవరిది వాళ్లకే కావాలి. తక్షణ సాయం 30,000 దాకా వస్తుంది. మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ రెండు లక్షల పునరావాసం కూడా ఉంది గానీ, అది కేసులో శిక్ష పడటంతో ముడిపడింది. కాబట్టి ఎఫ్‌ఐఆర్ నంబరు రాసి ఉంచుకోవాలి. ఆధార్ కార్డులు మేస్త్రీ దగ్గరుంటే ఆ రోజే అధికారి ముందు ఇప్పించండి, లేకపోతే బ్యాంకు ఖాతా దగ్గరే డబ్బు ఆగిపోతుంది.

పిల్లలుంటే 1098కి, ఉచిత లాయరు కోసం 15100కి ఫోన్ చేయండి. విడుదల పత్రం అసలుది కూలీ దగ్గరే ఉండనిచ్చి, ఒక కాపీ వాళ్ల సొంత జిల్లా కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోమనండి.