ఆదివారం చర్చికి వెళ్తున్నాం గానీ, మా సంఘం అనిపించడం లేదు

ప్రశ్న: వందనాలు అక్కా. మేము డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. మావారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4 వీసా. బాబుకి నాలుగేళ్లు. నేను ఒంగోలు బాప్టిస్టుని, మావారిది గుంటూరు లూథరన్ కుటుంబం. ప్రతి ఆదివారం ఏదో ఒక చర్చికి వెళ్తూనే ఉన్నాం. తెలుగు చర్చిలో భోజనాల దగ్గర ఎవరి గుంపు వారిదే. అమెరికన్ చర్చిలో అందరూ నవ్వుతూ పలకరిస్తారు, మళ్లీ వారానికి మా పేర్లు గుర్తుండవు. ఇంట్లోనే యూట్యూబ్‌లో మన పాస్టరు గారి వాక్యం వింటే చాలదా అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: వందనాలమ్మా. ముందు మీవారి మాటకు జవాబు చెప్తాను. యూట్యూబ్‌లో వాక్యం వినడం మంచిదే, నేనూ వంట చేస్తూ వింటాను. కానీ అర్ధరాత్రి బాబుకి జ్వరం వస్తే ఎమర్జెన్సీకి తోడు వచ్చేవాళ్లు కావాలి. రేపు మళ్లీ నీళ్లోసుకుంటే మీ అమ్మగారికి వీసా రాకపోతే పథ్యం వండి పెట్టేవాళ్లు కావాలి. దాని కోసం మనుషుల మధ్యకి వెళ్లాల్సిందే.

మీకు ఇంత కష్టంగా ఉండటానికి కారణం ఉంది. ఒంగోలులో మీరు సంఘంలో చేరలేదు, అందులోనే పుట్టారు. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని ఇప్పించారు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. ఒక్కొక్కరుగా కాదు, చుట్టాలూ వియ్యాలవారూ కలిసి వచ్చారు. గుంటూరులో 1842లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్ మొదలుపెట్టిన లూథరన్ పని కూడా తర్వాత ఊళ్లలో అలాగే కుటుంబాల వెంట పెరిగింది. అందుకే మనకు అక్కడ తాతగారి పేరు చెబితే చాలు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి సమాధుల తోట దాకా అన్నీ ఆ సంఘంలోనే జరుగుతాయి. చేరడమనే పని ఒకటుందని కూడా మనకు తెలియదు.

ఇక్కడ ఆ పని ఉంది. అమెరికన్ చర్చిలో ఆదివారం కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఊరికే చూసిపోవడానికి వస్తారు. వాళ్లని వెంటబడి ఇబ్బంది పెట్టకూడదని అక్కడివాళ్లు అనుకుంటారు. మనమేమో, వాళ్లే ఇంటికి రావాలి, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేయాలి అని ఎదురుచూస్తాం. ఇద్దరూ మర్యాదగానే ఉంటారు, ఏడాది గడిచిపోతుంది. కాబట్టి నోరు తెరిచి చెప్పండి: "మేము ఈ ఊళ్లోనే ఉంటాం, ఈ సంఘంలో ఉండాలనుకుంటున్నాం." ముందు వరుస సీటు వెనక జేబులో విజిటర్ కార్డు ఉంటుంది, అది నింపి ఇవ్వండి. కొత్త సభ్యుల క్లాసు ఎప్పుడని అడగండి. ఒంగోలు నుంచి మీ పాస్టరు గారి చేత, గుంటూరు నుంచి వాళ్ల పాస్టరు గారి చేత సంఘ లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో ఉత్తరాలు తెప్పించుకోండి. బాప్తిస్మం తేదీ, అక్కడ సభ్యులుగా ఉన్నారన్న మాట, సంతకం, ముద్ర ఉంటే చాలు.

మీ ఇద్దరి విషయంలో ముందే అడగాల్సిన సంగతి ఒకటుంది. టెక్సస్‌లో బాప్టిస్టు చర్చిలంటే ఎక్కువగా సదరన్ బాప్టిస్టులే. ఒంగోలుకు మిషనరీలను పంపిన అమెరికన్ బాప్టిస్టులు వేరు. మీవారు చంటిబిడ్డగా ఉన్నప్పుడు చిలకరింపు బాప్తిస్మం తీసుకుని ఉంటారు కాబట్టి, ఇక్కడి చాలా బాప్టిస్టు చర్చిల్లో సభ్యత్వం కావాలంటే మళ్లీ ముంచుడు బాప్తిస్మం తీసుకోమంటారు. లూథరన్‌లకు వెళ్తే మీ బాప్తిస్మానికి అడ్డేమీ ఉండదు. కానీ సంస్కారం, అంటే ప్రభు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే విషయంలో ఇక్కడి లూథరన్ శాఖల మధ్య తేడా ఉంది. ఈఎల్‌సీఏ అనే శాఖ చర్చిల్లో మామూలుగా బాప్తిస్మం పొందినవారందరినీ బల్లకు రమ్మంటారు, మిస్సోరి సినడ్ అనే శాఖ చర్చిల్లో ముందు పాస్టరుతో మాట్లాడమంటారు. ఈ సంగతి సభ్యత్వం దాకా వెళ్లాక తెలిస్తే మనసు నొచ్చుకుంటుంది. మొదటి నెలలోనే పాస్టరు గారిని అడిగేయండి, తప్పుగా అనుకోరు. ఇది చదివేవాళ్లలో కేథలిక్కులు ఉంటే, ప్రతి వారం మాస్‌కి వెళ్లడం ఒక్కటే సరిపోదు, ప్యారిష్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోండి. రేపు మీ తమ్ముడి బిడ్డకు జ్ఞానతల్లిగా నిలబడాలంటే ఆ ప్యారిష్ నుంచే ఉత్తరం అడుగుతారు.

తెలుగు చర్చా, అమెరికన్ చర్చా అంటే నేను ఒకటే చెప్తాను: రెంటిలో ఒకదాన్ని సొంతం చేసుకోండి, రెండోదానికి చుట్టపుచూపుగా వెళ్లండి. డాలస్ చుట్టుపక్కల తెలుగు సంఘాలు కొన్ని అమెరికన్ చర్చి హాలునే మధ్యాహ్నం అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటాయి కాబట్టి రెండూ కుదురుతాయని అనిపిస్తుంది. నిజానికి పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట పరుగెత్తేవాళ్లు రెండుచోట్లా వెనక బెంచీలోనే మిగిలిపోతారు. మీ బాబు వయసు చూసుకోండి. వాడికి పదేళ్లు వచ్చేసరికి ప్రసంగం తెలుగులో అర్థం కాకపోతే, ఆ సంఘంలో ఇంగ్లీషు సండేస్కూలు, యవ్వనస్థుల కూటం గట్టిగా నడుస్తున్నాయా అన్నది ముఖ్యం. లేకపోతే పిల్లలు వెనక గదిలో ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు, కాలేజీకి వెళ్లగానే చర్చి మానేస్తారు. అలా మానేసిన పిల్లల తల్లులు నా దగ్గర ఏడ్చారు.

ఇక తెలుగు చర్చిలో గుంపుల సంగతి. మీరు మొహమాటపడి రాయలేదు గానీ, అవి ఎలా ఏర్పడతాయో మనకు తెలుసు. "ఏ ఊరమ్మా?" తర్వాత "ఏ పేటలో?" ఆ తర్వాత "ఇంటిపేరేంటి?" మూడో ప్రశ్నకు జవాబు వచ్చాక కొంతమంది ముఖంలో ఏదో తేలిపోతుంది, పక్క సీటు ఖాళీ అవుతుంది, లేదా మరీ దగ్గరికి జరుగుతారు. రెండూ ఒకటే జబ్బు. మాల, మాదిగ, కమ్మ, రెడ్డి అని సముద్రాలు దాటి వచ్చాక కూడా పెళ్లి సంబంధాల దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర లెక్కలు వేసే సంఘాలు ఉన్నాయి. ప్రభు బల్ల దగ్గర ఒకే గిన్నెలోది పంచుకుని తాగిన వాళ్లం ఆ లెక్కలు ఎలా వేస్తామో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మీరు వెళ్లే సంఘంలో పెద్దలు ఎవరు, వాళ్లంతా ఒకే ఊరు, ఒకే కుటుంబం, ఒకే కులం వాళ్లేనా అన్నది చూడండి. అలా ఉంటే మీకు అక్కడ బల్ల దగ్గర చోటిస్తారు గానీ నిర్ణయాల దగ్గర ఇవ్వరు. అలా కాకపోతే, మీరే ఆ మూడో ప్రశ్న అడగడం మానేయండి. కొత్తగా వచ్చిన అమ్మాయిని "తిన్నావా, ఎక్కడుంటున్నావు, బస్సులో వచ్చావా?" అని అడగండి. ఎంఎస్ చదవడానికి ఆగస్టులో దిగే పిల్లల్లో చాలామందికి కారు ఉండదు. ఆదివారం పొద్దున దారిలో ఇద్దరిని ఎక్కించుకోవడానికి మీకు వెనక సీటు ఉంది.

సభ్యత్వం కాగితం మీద వచ్చినా మనసుకు రావాలంటే పని చేయాలి. ఆరాధన అయ్యాక అందరూ కాఫీ తాగుతుంటే ఒక పక్కన మడత కుర్చీలు తీసి బండి మీద పేర్చేవాళ్లు నలుగురు ఉంటారు. మీవారిని వెళ్లి వాళ్లతో చేయి కలపమనండి. ఎవరినీ అడగనక్కర్లేదు. ఎదురెదురుగా నిలబడి మాట్లాడాలంటే ఇంగ్లీషు తడబడుతుంది. చేతిలో పని ఉంటే ఆ టెన్షన్ ఉండదు, మాటలు వాటంతట అవే వస్తాయి. మీకు హెచ్-4 కాబట్టి జీతం తీసుకునే ఉద్యోగం కుదరకపోయినా, చర్చిలో జీతం లేకుండా సేవ చేయొచ్చు. పిల్లల గదిలో చేయాలంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు, దానికి కొన్నిచోట్ల సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. మీకు ఆ నంబరు లేకపోతే చిన్నబుచ్చుకోవద్దు. వంటగది ఉంది, తలుపు దగ్గర పలకరించే పని ఉంది, చాలా చర్చిల్లో పేదలకు సరుకులు సర్దే గది ఉంటుంది. ఉచితంగా ఇంగ్లీషు క్లాసులు నడిపే చర్చిలూ ఉన్నాయి. అక్కడ నేర్చుకోవడానికి వెళ్లి, ఆర్నెల్లకు టీ ఏర్పాట్లు చూసుకునే స్థితికి వచ్చిన మన ఆడపిల్లలు నాకు తెలుసు.

ఆదివారం కంటే ముఖ్యం వారం మధ్యలో ఇళ్లల్లో జరిగే చిన్న కూటం. పదిమంది ఉంటారు, చివర్లో ప్రార్థన మనవులు అడుగుతారు. అక్కడ మనవాళ్లు "అందరూ బాగుండాలి" అని ఊరుకుంటారు. ఉద్యోగం పోయినా చెప్పరు, పరువు అంటారు. హెచ్-1బిలో ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి చేతిలో ఉండేది మహా అయితే అరవై రోజులే. ఆ రోజుల్లో నోరు మూసుకోవడం కంటే పెద్ద నష్టం లేదు.

మా కూటంలో ఒక తమ్ముడు అలాగే మూడు వారాలు దాచాడు. నాలుగో వారం ప్రార్థన మనవుల దగ్గర గొంతు పూడుకుపోయి చెప్పేశాడు. ఆ రాత్రే ఒక రిటైర్డ్ మేనేజరు అతని రెజ్యూమె ముందేసుకుని కూర్చున్నాడు, ఇంకొకరు తమ కంపెనీలో అడిగారు, ఒకావిడ ఇమిగ్రేషన్ లాయరుకి ఫోన్ చేసింది. ఇంత చేసినా గడువులోగా ఉద్యోగం దొరకలేదు, తిరిగి వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో దింపింది కూటంలోని ముసలి దంపతులే. అతని కారుని వాళ్ల గ్యారేజీలో పెట్టుకుని, మంచి ధర వచ్చేదాకా ఆగి అమ్మి, డబ్బు పైసాతో సహా తెనాలికి పంపారు. అతను ఇప్పటికీ కూటం రోజున అక్కడ తెల్లవారుజామున లేచి వీడియోలో కలుస్తాడు.

పురుళ్లప్పుడు కూడా అంతే. తేదీల వారీగా పేర్లు రాసుకుని రెండు మూడు వారాలు వరుసగా ఇంటికి భోజనం తెచ్చే పద్ధతి ఇక్కడ చాలా సంఘాల్లో ఉంది. వద్దనకండి. లజానియా బాలింత తినలేకపోతే ఇంట్లోవాళ్లు తింటారు. అన్నం, చారు, వెల్లుల్లి కారప్పొడి కావాలని అడిగితే మన తెలుగు అక్కలు ఎవరో ఒకరు తెస్తారు. ఆ తర్వాత మీ వంతు వచ్చినప్పుడు మీరు వండండి.

డబ్బు విషయం. కానుక మీ ఇష్టం, మీ మనస్సాక్షి. పద్ధతిగా నడిచే చర్చి జనవరిలో, మీరు ఏడాదంతా ఇచ్చినదానికి పన్ను కోసం రసీదు పంపుతుంది, ఏడాదికోసారి సభ్యుల ముందు లెక్కలు చదువుతుంది. ఆ మీటింగుకి తప్పకుండా వెళ్లండి. జీతం చీటీ చూపించమన్నా, దశమభాగం ఇస్తే హెచ్-1బి లాటరీలో పేరు వస్తుందన్నా, లెక్కలు అడిగితే విశ్వాసం లేదని కసిరినా, ఆ వారమే బయటికి వచ్చేయండి. ఆ పాస్టరు ఎంత బాగా పాడినా, మీ ఊరివాడైనా సరే.

క్రిస్మస్ క్యారల్స్‌కి ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలో నవంబరులోనే పట్టిక వేస్తారు. మీ ఇల్లు కూడా రాయించండి, అపార్ట్‌మెంటు చిన్నదని వెనకాడొద్దు. లీజింగ్ ఆఫీసులో ముందుగా ఒక మాట చెప్పండి. రాత్రి పది దాటి పాడితే పక్కవాళ్లు ఫిర్యాదు చేస్తారు కాబట్టి తొమ్మిదిలోపు టైము అడగండి.