ఏడాది సరుకులు ఫ్లాట్‌లో పురుగు పట్టకుండా ఉంచుకోవడం ఎలా?

ఇంట్లో ఉండేది ఇద్దరే అయినా ఊరి నుంచి అత్తగారు ఏడాదికి సరిపడా బియ్యం, పప్పులు, చింతపండు, మిరపకాయలు పంపిస్తారని, ఖరీదైన డబ్బాలు కొన్నా వానాకాలం వచ్చేసరికి అన్నిట్లో పురుగు కనిపిస్తోందని మీరు రాశారు. మాదీ హైదరాబాద్‌లో ఫ్లాటే. పొద్దున కాసేపు బాల్కనీలో పడే ఎండ తప్ప వేరే దిక్కు లేదు. అందుకే నేను చేసేవి చెబుతాను.

ముందు డబ్బాల మీద ఆశ తగ్గించుకోండి. బిగుతైన మూత బయటి పురుగును ఆపుతుందే గానీ లోపలున్నదాన్ని ఏం చేస్తుంది? బియ్యంలో కనిపించే ముక్కు పురుగు గింజకి సన్నటి రంధ్రం చేసి, అందులో గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. గోడౌన్‌లోనో కొట్లోనో ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. వేడిగా ఉండే రోజుల్లో సుమారు నెలకి అది పెరిగి బయటికొస్తుంది. మనకేమో డబ్బాలోనే పుట్టినట్టు అనిపిస్తుంది. కాబట్టి సరుకు డబ్బాలోకి వెళ్ళే ముందు ఏం చేశామన్నదే ముఖ్యం.

నా లెక్కలో ఏడాదికి దాచుకోదగ్గవి తక్కువే. చింతపండు, ఎండుమిర్చి, ఆవకాయ సరే. బియ్యం, కందిపప్పు చోటుంటేనే. రవ్వ, శనగపిండి, వేరుశనగ గుళ్ళు, ఎండుకొబ్బరి మాత్రం ఆఫర్ ఉందని ఐదేసి కిలోలు తెచ్చుకోవద్దు. గుళ్ళకీ కొబ్బరికీ పురుగు పట్టకపోయినా పాత నూనె వాసన వచ్చేస్తుంది. బొంబాయి రవ్వ తెచ్చిన రోజే నూనె లేకుండా, రంగు మారకుండా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయండి. పొద్దున ఉప్మాకి ఆ పనీ తప్పుతుంది. పిండి ప్యాకెట్లు ఫ్రీజర్‌లో నాలుగు రోజులు పెడితే లోపలి గుడ్లు కూడా చస్తాయి. తీసిన వెంటనే విప్పకండి, ప్యాకెట్ మీద చెమ్మ పూర్తిగా ఆరనివ్వండి.

పప్పుల్లో బద్దల కన్నా గుండు గింజలతోనే తలనొప్పి. పెసలు, శనగలు, బొబ్బర్లు త్వరగా పుచ్చిపోతాయి, ఎందుకంటే వాటికి పట్టే పురుగు గింజ పొట్టు మీదే గుడ్లు అంటిస్తుంది. పెద్దవాళ్ళు వాటికి ఆముదం పట్టించేది ఇందుకే. కిలోకి ఒక చిన్న చెంచా చాలు, గింజలన్నిటికీ అంటేలా చేత్తో బాగా కలపాలి. వండే ముందు గోరువెచ్చని నీళ్ళతో కడిగితే జిడ్డు పోతుంది. వేపాకు వేస్తారా, నీడలో ఎండబెట్టినదే వేయండి, పచ్చిదైతే దాని తేమే చేటు. ఎండలో పెట్టిన పప్పుని వేడి మీద ఎత్తి డబ్బాలో పోయకూడదు. మూత లోపల ఆవిరి పడితే అంత కష్టమూ వృథా.

ఇక చింతపండు. నాకు ఇష్టమైన పని ఇదే. వేసవి మొదట్లో కొత్తది రాగానే గింజ, ఈనె తీసేసి, ఒకటి రెండు ఎండలు పెట్టి, మధ్యమధ్య రాళ్ళ ఉప్పు చల్లుతూ జాడీలో గట్టిగా కూరుతాను. జాడీ లేకపోతే గాజు సీసా. పులుపుకి అల్యూమినియం, ఇత్తడి పాత్రలు పనికిరావు. రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది, అది పాడైనట్టు కాదు. పచ్చళ్ళకి కొత్తదే బాగుంటుంది గానీ పులుసుకి, పులిహోరకి నేను పాతదే తీస్తాను.

ఎండుమిర్చి తొడిమలతోనే ఉంచండి. తొడిమ తీస్తే ఆ కన్నంలోంచి తేమ లోపలికి పోయి గింజలకి బూజు పడుతుంది. కారం ఆడించే ముందు తీసుకుంటే సరిపోతుంది.

బియ్యం గురించి: ఇద్దరే ఉన్న ఇంట్లో ఏడాది బియ్యం దేనికి? పాత బియ్యమైతే అన్నం పొడిపొడిగా వస్తుందన్నది నిజమే, కానీ పాతవి ఇప్పుడు కొట్లోనే దొరుకుతున్నాయి. ఒక్క బస్తా చాలని అత్తగారికి నెమ్మదిగా చెప్పి చూడండి. (బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో తెలుసా? 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ మీద 5 శాతం జీఎస్టీ వేశారు, దాంతో మిల్లుల వాళ్ళు ఒక కిలో పెంచేశారు!) డబ్బాలో మిగిలిన పాత బియ్యం మీద కొత్తవి పోయకండి. అడుగు దాకా ఖాళీ చేసి, తుడిచి, ఎండలో పెట్టాకే పోయాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. బియ్యంలో పురుగు చావడానికి గోడౌన్లలో వాడే బిళ్ళలు ఇంట్లోకి తేవద్దు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్, తేమ తగిలితే విషవాయువు వస్తుంది, తలుపులు వేసుకున్న ఇంట్లో ప్రాణాలే పోతాయి. బోరిక్ పౌడర్ కూడా తినే గింజల్లో కలపకండి.

ఇప్పటికే పురుగు పట్టిన సరుకు ఏం చేయాలని కూడా అడిగారు కదా. బియ్యంలో నాలుగు పురుగులే ఉంటే చేటలో చెరిగి, ఎండలో పలచగా పరిచి, బాగా కడిగి త్వరగా వాడేయండి. పప్పు పిండిపిండిగా రాలుతున్నా, రవ్వ బూజు దారాల్లా గూళ్ళు కట్టినా జల్లించి వాడాలని చూడొద్దు, పారేయండి. ఆ రోజే అర మూలలు, డబ్బా మూత అంచులు కూడా తుడవండి, లేకపోతే పక్క డబ్బాకి పాకుతాయి.