ఆన్‌లైన్ బీబీఏలో నేరుగా రెండో ఏడాది: 38 క్రెడిట్లలో దక్కేవెన్ని?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీబీఏ ఫస్టియర్ పూర్తి చేసింది. రెండు సెమిస్టర్లకు 42 క్రెడిట్లు. బిజినెస్ స్టాటిస్టిక్స్ ఒక్కటి తప్పింది. హాస్టల్ పడటం లేదు, ఇంటికొచ్చేస్తానంటోంది. ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి, పేరున్న యూనివర్సిటీలో ఆన్‌లైన్ బీబీఏ (బిజినెస్ అనలిటిక్స్) డైరెక్ట్ సెకండియర్‌లో చేరుస్తామంటున్నారు. ఏబీసీలో (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో) ఉన్న క్రెడిట్లన్నీ వచ్చేస్తాయట. ఈ వారంలో పది వేలు కడితే సీటు ఖాయమట. సిలబస్ కొత్తగా మారిందని కూడా చెప్పారు. ఏడాది వృథా కాకూడదు, బంధువుల్లో మాట పడకూడదు. ఉన్న కాలేజీ మంచిదా, ఆన్‌లైన్ మంచిదా? రేపు అమెరికాలో ఎంఎస్‌కి అడ్డు వస్తుందా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఒక విషయం స్థిమితంగా వినండి. డిగ్రీలో ఒక ఏడాది అటూ ఇటూ అయినంత మాత్రాన మీ అమ్మాయి దారి మూసుకుపోదు. ఐసెట్‌కైనా క్యాట్‌కైనా చూసేది డిగ్రీ, అందులో వచ్చిన మార్కులు. బ్యాంకు పీవో పరీక్షలకు 30 ఏళ్ల దాకా సమయం ఉంది. యూజీసీ గుర్తింపుతో పొందిన ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులోనే స్పష్టం చేసింది. అంటే ఆమె ఎటు వెళ్లినా డిగ్రీ విలువకు ఢోకా లేదు. ఢోకా ఉన్నది ‘క్రెడిట్లన్నీ వచ్చేస్తాయి’ అన్న హామీకి.

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు 2021లో వచ్చాయి. అందులో క్రెడిట్లు ఉన్నాయంటే వాటికి లెక్క ఉందని అర్థం, అంతే. పాస్‌బుక్‌లో సొమ్ముంది కదా అని దుకాణదారు మనం అడిగిన సరుకు ఇచ్చి తీరాలని లేదు కదా. ఏ పేపర్లు తీసుకోవాలి, ఏవి వద్దు అన్నది చేర్చుకునే యూనివర్సిటీ ఇష్టం. వాళ్ల అకడమిక్ కౌన్సిల్ నిర్ణయించాలి. ఫోన్ చేసిన ఏజెన్సీకి ఆ అధికారం లేదు, ఆ విషయం వాళ్లకూ తెలుసు.

ఇప్పుడు మారిన సిలబస్ సంగతి. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఈ 120 ఒకే కుప్ప కాదు. మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టు) 60, మైనర్‌కు (అనుబంధ సబ్జెక్టు) 24, ఇతర శాఖల పేపర్లకు 9, భాషలకు 8, నైపుణ్య కోర్సులకు 9, పర్యావరణం లాంటి విలువల కోర్సులకు 6 నుంచి 8, మిగిలింది ఇంటర్న్‌షిప్‌కు. దీనికి తోడు 2024-25 నుంచి బీబీఏ ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) పరిధిలోకి వచ్చింది, దాని నమూనా సిలబస్ కూడా వచ్చింది. కాబట్టి పేపర్ల పేర్లు, క్రెడిట్లు, సెమిస్టర్లలో వాటి చోటు యూనివర్సిటీకో రకంగా కదిలిపోయాయి. బదిలీలో చూసేది మొత్తం ఎన్ని క్రెడిట్లన్నది కాదు, ఏ పద్దులో ఎన్ని అన్నది.

మీరు పంపిన మెమోలనే తీసుకుందాం. 42లో స్టాటిస్టిక్స్ 4 తప్పింది, చేతిలో ఉన్నవి 38. అందులో మేనేజ్‌మెంట్ ప్రిన్సిపుల్స్, ఫైనాన్షియల్ అకౌంటింగ్, బిజినెస్ ఎకనామిక్స్, ఆర్గనైజేషనల్ బిహేవియర్ కలిపి 16. వీటికి ఎక్కడైనా జత పేపరు దొరుకుతుంది. సిలబస్ యూనిట్లవారీగా పోల్చాక 16 క్రెడిట్లూ దక్కవచ్చు. పర్యావరణం 2 కూడా సరిపోతుంది. కంప్యూటర్స్ 4 ఉన్నాయి కానీ, అవతల నైపుణ్య కోర్సు 3 క్రెడిట్లదే అయితే 3 ఇస్తారు, మిగిలిన ఒకటి గాలికి పోతుంది. అసలు దెబ్బ భాషల దగ్గర. ఇంగ్లిష్ 8, తెలుగు 8, మొత్తం 16 క్రెడిట్లు ఒక్క ఏడాదిలోనే చదివింది. కొత్త చట్రంలో మూడేళ్లకూ కలిపి భాషల పద్దు 8. మిగతా 8 పెట్టడానికి చోటే లేదు. మన రాష్ట్రాల్లో డిగ్రీ చదివి బయటి యూనివర్సిటీకి మారే పిల్లలకు ముందుగా రాలిపోయేవి ఈ సెకండ్ లాంగ్వేజ్ క్రెడిట్లే. ఈ మాట ఏ ఏజెన్సీ బ్రోచర్‌లోనూ ఉండదు.

కూడితే 16, 2, 3, 8... మొత్తం 29. అదీ అన్నీ కలిసొస్తే. రెండో ఏడాదిలో అడుగుపెట్టేవాళ్లకు 40 ఉండాలనుకుంటే 11 తక్కువ. స్టాటిస్టిక్స్ 4, మైనర్‌లో ఒక పేపరు 4, ఇతర శాఖ పేపరు 3. ఈ మూడూ రెండో ఏడాదిలో మామూలుగా ఉండే 40 క్రెడిట్లకు అదనం. అంటే సెమిస్టర్‌కు 20 బదులు 25, 26 క్రెడిట్లు చదవాలి. ఇగ్నో లెక్కలో క్రెడిట్‌కు 30 గంటల చదువు. ఆ లెక్కన ఆరు క్రెడిట్లు పెరిగితే సెమిస్టర్‌లో 180 గంటలు పెరిగినట్టు. ‘డైరెక్ట్ సెకండియర్’ అంటే ఇదండీ. బ్యాక్‌లాగ్‌కే ఇబ్బంది పడిన పిల్ల మీద ఇంట్లో కూర్చోబెట్టి మరో మూడు పేపర్లు వేస్తారా?

కొరత పేపర్లను కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చేసేయవచ్చని కూడా వాళ్లు చెబుతారు. నిజమే, ఒక సెమిస్టర్ పేపర్లలో 40 శాతం దాకా స్వయం కోర్సులను అనుమతించే వెసులుబాటు 2021 నుంచి ఉంది. కానీ రెండు చిక్కులు. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సు ఎనిమిది వారాలదైతే 2 క్రెడిట్లు, పన్నెండు వారాలదైతే 3. నాలుగు క్రెడిట్ల స్టాటిస్టిక్స్ స్థానంలో ఒక్క కోర్సు సరిపోదు. రెండోది, ఆ కోర్సు ఫలానా పేపర్‌కు సమానమని యూనివర్సిటీ ఆ సెమిస్టర్ మొదలవకముందే ఒప్పుకొని ఉండాలి. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చాక అడిగితే ‘మా జాబితాలో లేదు’ అంటారు. ఇక యాప్‌లలో అమ్మే అనలిటిక్స్ సర్టిఫికెట్లు రెజ్యూమేకు పనికొస్తాయేమో కానీ, చాలావరకు క్రెడిట్లకు పనికిరావు.

ఇక అనలిటిక్స్ అన్న తోక గురించి. ఫ్యాషన్‌గా ఉన్న ఈ ఆన్‌లైన్ బీబీఏ స్పెషలైజేషన్ల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. సిలబస్ తెరిచి చూడండి. మొదటి నాలుగు సెమిస్టర్లూ మామూలు బీబీఏ పేపర్లే. చివర్లో నాలుగైదు ఎలక్టివ్‌లు చేర్చి పేరు చివర అనలిటిక్స్, ఫిన్‌టెక్, ఏఐ అని తగిలిస్తారు. ఎలక్టివ్‌కు తగినంతమంది చేరకపోతే ఆ పేపరు నడపరు, మార్కెటింగో హెచ్‌ఆరో తీసుకోమంటారు. ఎలక్టివ్‌ల జాబితా బ్యాచ్‌కోసారి మారుతుంది. మీరు బ్రోచర్‌లో చూసినది మీ అమ్మాయి మూడో ఏడాదికి ఉంటుందన్న హామీ లేదు. చేరినప్పటి రెగ్యులేషన్ (సిలబస్, పరీక్షల నిబంధనలు) ప్రకారమే చివరిదాకా నడుస్తుందా, మధ్యలో చదువు ఆపి తిరిగొస్తే కొత్త రెగ్యులేషన్‌లోకి నెడతారా అన్నది ప్రాస్పెక్టస్‌లో వెతకాల్సిన వాక్యం. పైగా అనలిటిక్స్ అంటేనే స్టాటిస్టిక్స్. ఆ పేపరే తప్పిన పిల్లను ఆ స్పెషలైజేషన్‌లో చేర్చే ముందు, ఆమెకు లెక్కలంటే ఇష్టం లేకనా, ఆ సెమిస్టర్‌లో ఆరోగ్యమో హాస్టలో బాగోకనా అన్నది ఎవరైనా అడిగారా?

అన్ని ఆన్‌లైన్ బీబీఏలూ ఇలాగేనని కాదు. ఐఐఎం బెంగళూరు 2024లో మొదలుపెట్టిన డిజిటల్ బిజినెస్, ఆంత్రప్రెన్యూర్‌షిప్ బీబీఏ లాంటివి మొదటి నుంచీ ఆన్‌లైన్ కోసమే రూపొందించిన కోర్సులు. అలాంటివాటిలో మొదటి ఏడాది నుంచి చేరడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. నా పేచీ సగంలో దూకడంతోనే.

మీ మీద కూడా ఒక ఫిర్యాదుంది. పేజీ నిండా రాసిన ఉత్తరంలో అమ్మాయి గురించి ఉన్నది ఒక్క వాక్యం, ‘హాస్టల్ పడటం లేదు’. ఎందుకు పడటం లేదో లేదు. తిండా, గదిలో పిల్లలా, ర్యాగింగా, ఇంటి మీద బెంగా? మిగతా అంతా ఏడాది, డబ్బు, బంధువులు. హాస్టల్ సమస్యకు యూనివర్సిటీ మార్చడం మందు కాదు. హైదరాబాద్‌లోనే హాస్టల్ మారిస్తే తీరే బాధైతే, మూడు పేపర్ల బరువూ ఫీజూ ఎందుకు నెత్తికెత్తుకోవడం? చదువు మీదే మనసు లేదంటే అది వేరే మాట, అప్పుడు ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నా చదవదు. బంధువులకు చెప్పుకోవడానికి పిల్ల సెమిస్టర్లు లెక్కపెట్టకండి. ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

ఆన్‌లైన్ మానసికంగా తేలికన్న భ్రమ కూడా వద్దు. సెమిస్టర్ చివరి పరీక్షకు కనీసం 70 శాతం వెయిటేజీ ఉంటుంది. ఇంటి నుంచి రాసే చోట కెమెరా నిఘాలో రాయాలి. మధ్యలో నెట్ పోయినా, గదిలోకి ఎవరైనా వచ్చినా ఆ పేపరు పోయే ప్రమాదముంది. ఖమ్మంలో మీ ఇంటి నెట్, కరెంటు, ఆమెకంటూ తలుపేసుకునే గది, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇంత చెప్పినా ఆన్‌లైనే అనుకుంటే పద్ధతిగా వెళ్లండి. యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు పేరు, ‘ఆన్‌లైన్’ అన్న విధానం, మీరు చేరే సెషన్, నాలుగూ ఒకే వరుసలో కనిపించాలి. ఓపెన్ అండ్ డిస్టెన్స్‌కు అనుమతి ఉండి ఆన్‌లైన్‌కు లేని సందర్భాలుంటాయి. 2024 నుంచి ఆన్‌లైన్, దూరవిద్య కోర్సుల్లో చేరాలంటే ఈ దూరవిద్య బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ కావాలి. అది తెరవడానికి ఏబీసీ ఐడీ, ఇప్పుడు అపార్ అంటున్న 12 అంకెల సంఖ్య, కావాలి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివర ఒక్క అక్షరం ఉంటుంది. పేరు కలవకపోతే కాలేజీ ఎక్కించిన క్రెడిట్లు ఆమె ఖాతాలో కనిపించవు. ముందు ఆధార్ సరిచేయించండి. క్రెడిట్లు ఎక్కించాల్సింది కాలేజీ లేదా దాని యూనివర్సిటీ, విద్యార్థి సొంతంగా ఎక్కించలేదు. డిజిలాకర్‌లో చూసి, లేకపోతే ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కు రాతపూర్వకంగా అడగండి.

తర్వాత రెండు సెమిస్టర్ల మెమోలు, కాలేజీ ముద్ర ఉన్న పూర్తి సిలబస్ కాపీ (పేపర్ల పేర్లు చాలవు, యూనిట్లతో సహా ఉండాలి) జతచేసి, నేరుగా యూనివర్సిటీ ఆన్‌లైన్ విద్యా కేంద్రం డైరెక్టరేట్‌కు మెయిల్ చేయండి. అడగాల్సినవి ఇవి: మా ఏ పేపరు మీ ఏ పేపర్‌కు సమానం, ఎన్ని క్రెడిట్లు ఇస్తారు, ఏ పేపర్లు మళ్లీ రాయాలి, వాటికి విడిగా ఫీజెంత, బదిలీ అయిన పేపర్ల గ్రేడు సీజీపీఏలో కలుపుతారా లేక మినహాయింపు అని మాత్రమే వేస్తారా. చివరిది చిన్న విషయం కాదు, మొదటి ఏడాది మంచి మార్కులుండి అవి కలపకపోతే శాతం తగ్గుతుంది. కొన్నిచోట్ల రెండో ఏడాదిలో చేరాలంటే మొదటి ఏడాది ఎగ్జిట్ సర్టిఫికెట్ (ఒక ఏడాది చదివి బయటికొచ్చేవాళ్లకు ఇచ్చేది) అడుగుతారు. దానికి 40 క్రెడిట్లు పాసై, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సో ఇంటర్న్‌షిప్పో చేసి ఉండాలి. 38తో అది రాదు. ఒకసారి అలా బయటికొస్తే మూడేళ్లలో తిరిగి చేరవచ్చు, మొత్తం డిగ్రీ ఏడేళ్లలో ముగించాలి. కాబట్టి తొందరేమీ లేదు. ఆన్‌లైన్ ప్రవేశాలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. ఈ వారం పది వేలు కట్టకపోతే పోయేది ఏజెన్సీ కమీషన్, సీటు కాదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తున్నట్లయితే దూరవిద్యకు మారగానే అది ఆగిపోతుంది. మధ్యలో మానేస్తే మిగతా ఏళ్ల ఫీజు కట్టమని, లేకపోతే ఒరిజినల్స్ ఇవ్వమని కొన్ని కాలేజీలు బెదిరిస్తాయి. సర్టిఫికెట్లు ఆపిపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ ఉత్తర్వులిచ్చింది, ఆ కాపీ చేతిలో పెట్టుకుని మాట్లాడండి.

అమెరికా గురించి క్లుప్తంగా. మూడేళ్ల భారతీయ డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. అది రెగ్యులర్‌కూ ఆన్‌లైన్‌కూ ఒకటే తలనొప్పి. ఎంఎస్ మీద నిజంగా ఆశ ఉంటే నాలుగో ఏడాది ఆనర్స్ గురించి ఆలోచించండి. రెండు సంస్థల్లో చదివితే రెండింటి ట్రాన్స్‌క్రిప్టులూ అడుగుతారు కనుక పాత కాలేజీతో గొడవపడి రావద్దు. ఇక్కడి నుంచే చదివే ‘ఫారిన్ ఆన్‌లైన్ డిగ్రీ’లంటూ ఎడ్‌టెక్ సంస్థలు అమ్మేవాటిపై, ఆ ఒప్పందాలకు గుర్తింపు లేదని యూజీసీ 2023 డిసెంబరులో హెచ్చరించింది. ఆ వైపు చూడనే వద్దు.

మీరడిగిన పోలికకు నా జవాబు: హాస్టల్ మార్చి ఉన్న కాలేజీలోనే పూర్తి చేయించండి. అది కుదరదని అమ్మాయే గట్టిగా చెబితే, యూనివర్సిటీ ఇచ్చే క్రెడిట్ల పట్టిక చూడండి. 29కి దగ్గరగా ఉంటే రెండో ఏడాది, 20 కూడా దాటకపోతే ఆన్‌లైన్‌లోనే మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టించండి. రెంటిలో ఏది చేసినా స్టాటిస్టిక్స్ సప్లిమెంటరీ మాత్రం ఈ కాలేజీలోనే రాయించండి. అది పాసైతే 42 నిండుతాయి, ఎగ్జిట్ సర్టిఫికెట్‌కు కావలసిన 40 కూడా దాటుతాయి. పరీక్ష ఫీజు గడువు ఎప్పుడో రేపే కాలేజీలో కనుక్కోండి.